మా అక్కకు కూర్చోవడం రాదు

మా అక్కకు కూర్చోవడం రాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. వంట చేసేటప్పుడు నిలబడుతుంది, సరే, అందరూ నిలబడతారు. తినేటప్పుడూ నిలబడే తింటుంది. కంచం ఎడమచేత్తో పట్టుకుని, పొయ్యి గట్టుకు నడుం ఆనించి, కిటికీలోంచి వీధిని చూస్తూ నాలుగు ముద్దలు లోపలికి పంపిస్తుంది. టీవీ కూడా తలుపు దగ్గర నిలబడే చూస్తుంది, ఎవరో పిలిస్తే వెంటనే వెళ్ళాలన్నట్టు. "కూర్చో తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కాళ్ళు లాగుతున్నాయి" అంటే, "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదే" అంటుంది.

తనకు యాభై నాలుగు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. బావ పోయాక ఇద్దరం రెండు గదుల ఇంట్లో కలిసి ఉంటున్నాం. నాది బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం. కిటికీ వెనక కుర్చీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, బయట నిలబడి నా మీద అరిచేవాళ్ళ మీద నేనూ అరుస్తుంటాను. నాకు ముక్కు మీద కోపం. అక్కకు కోపం ఎక్కడుందో వెతికినా దొరకదు. నేను ఒంటికాలి మీద లేచే రకం, తను రెండు కాళ్ళ మీదా నిలబడే రకం. ఒకే తల్లి కడుపున పుట్టామంటే కొత్తవాళ్ళు నమ్మరు.

ఇరవై రెండేళ్ళుగా తను ఒకే దుకాణంలో పనిచేస్తోంది. నాలుగంతస్తుల దుకాణం. కింద గిన్నెలు, ప్లాస్టిక్ సామాను. మొదటి అంతస్తులో కర్టెన్లు. రెండో అంతస్తులో దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు. ఆ పైన గోదాము. అక్కది రెండో అంతస్తు, దుప్పట్ల బల్ల. అందుకే అక్కడ అందరికీ తను దుప్పట్లక్క. కొనడానికొచ్చినవాళ్ళు మంచం కొలత మర్చిపోయి వచ్చి, ఇంత ఉంటుందని చేతులు చాచి చూపిస్తారు. చాచిన చేతులకూ అసలు మంచానికీ ఎంత తేడా ఉంటుందో అక్కకు తెలుసు. మగవాళ్ళయితే కాస్త తగ్గించి, ఆడవాళ్ళయితే కాస్త పెంచి దుప్పటి తీస్తుందట. ఇన్నేళ్ళలో కొలత సరిపోలేదని వెనక్కి వచ్చిన దుప్పట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ దుకాణంలో కొన్ని నియమాలున్నాయి. గోడ మీద ఎక్కడా రాసి ఉండవు. పనిలో ఉన్నంతసేపూ కూర్చోకూడదు. అల్మరాకు ఆనుకోకూడదు. చేతులు కట్టుకోకూడదు, కట్టుకుంటే బేరాల్లేవన్నట్టు కనిపిస్తుందట. పైకప్పు మూలలో కెమెరా ఉంటుంది. మేనేజరు కింద తన గదిలో తెర ముందు, గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు. ఎవరైనా కొంచెం వంగితే మైకులో వినిపిస్తుంది: "రెండో అంతస్తు, గలీబుల దగ్గర, నిటారుగా." పదకొండు గంటలు అలా నిటారుగా ఉండాలి. మధ్యలో భోజనానికి అరగంట. ఆ అరగంట కూడా మెట్ల కింద మూడు బకెట్లు బోర్లించి వంతులవారీగా కూర్చోవడమే.

కడుపు నిండని చోట ఉపాయాలు పుడతాయి కదా, కాళ్ళు లాగే చోట కూడా పుడతాయి. కెమెరాకు బల్ల వెనక నేల కనిపించదని వాళ్ళలో ఎవరో కనిపెట్టారు. ఇక నిలబడలేననుకున్న మనిషి ఒక గలీబు కింద పడేస్తుంది. తీయడానికి కూలబడుతుంది. అక్కడ గొంతుక్కూర్చుని యాభై అంకెలు లెక్కపెట్టుకుని పైకి లేస్తుంది. అందరూ ఒకేసారి పడేస్తే అనుమానం వస్తుందని వంతులు పెట్టుకున్నారు. వంతులు చూసేది మా అక్క, పెద్దది కాబట్టి. తన వంతు మాత్రం ఎప్పుడూ ఎవరికో ఇచ్చేసేది. ఒకరోజు కడుపునొప్పి అన్న అమ్మాయికి, ఇంకోరోజు రాత్రంతా పిల్లాడు నిద్రపోనివ్వలేదన్న తల్లికి. ఈ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మంచితనానికి కాళ్ళుండవు, ఉన్న రెండు కాళ్ళూ మనిషివే.

కిందటేడు తన ఎడమ చీలమండ పైన చర్మం నల్లబడింది. నాకు చెప్పలేదు. ఒకరోజు బట్టలు ఉతుకుతూ మేజోడు మీద పసుపుపచ్చ మరక చూసి, కాలు చూపించమని పట్టుబట్టాను. రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఎన్నాళ్ళయిందే అంటే, "అదే తగ్గిపోతుందిలే" అంది. నాలుగు నెలలయిందని తర్వాత తెలిసింది.

సెలవు పెట్టి నేనే ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరు కాలు నొక్కి చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాళ్ళలోకి దిగిన రక్తం పైకి ఎక్కట్లేదమ్మా. మందు రాస్తాను, కట్టు కడతాను, కానీ గంటకు పది నిమిషాలు కూర్చోవాలి. కాలు కాస్త ఎత్తు మీద పెట్టుకోవాలి. అది చెయ్యకపోతే ఈ పుండు మానదు. మానకపోతే ఇంకో ఏడాదికి నిలబడే పని ఏదీ నీ వల్ల కాదు."

అక్కకు తెలిసింది నిలబడే పని ఒక్కటే. ఇంకో నాలుగేళ్ళు చేస్తే తప్ప పింఛను రాదు. కాబట్టి విషయం చాలా చిన్నది, గంటకు పది నిమిషాలు. ఆ పది నిమిషాలు దొరికితే కాలూ ఉంటుంది, పనీ ఉంటుంది. దొరక్కపోతే రెండూ పోతాయి.

డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చేరిన కొత్తలో దుప్పట్ల రకాలు అతనికి నేర్పింది మా అక్కే. కాగితం చదివి, మడతపెట్టి, సొరుగులో పెట్టుకున్నాడు.

"అక్కా, నువ్వంటే నాకు గౌరవం. కానీ నీకు స్టూలేస్తే రేపు అందరూ అడుగుతారు. మెట్లెక్కి వచ్చిన మనిషికి అందరూ కూర్చుని కనిపిస్తే ఎలా ఉంటుంది చెప్పు. ఒంట్లో బాగోలేదంటే ఇంటి దగ్గర రెస్టు తీసుకో. మేం కాదనం కదా."

అక్క సరేనని వచ్చేసింది. కాగితం అయినా తిరిగి తెచ్చుకోలేదా అని అడిగాను. "ఆయన సొరుగులో పెట్టుకున్నాక ఎలా అడగను" అంది. ఆ పూట నేను అన్నం తినలేదు. తను తింది, నిలబడి.

దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు ఉండి తీరాలని ఆ ఏడాదే కొత్త నియమం వచ్చింది. బస్టాండులో అన్ని పేపర్లూ చదువుతాను కాబట్టి నాకు తెలుసు. ఫిర్యాదు నేనే రాశాను. కార్మిక శాఖవారికి, అని మొదలుపెట్టి ఒక పేజీ. చదివి వినిపిస్తే అక్క, "ఇంత కోపంగా ఉండాలా?" అంది. రెండు చోట్ల మెత్తబరిచాను. ఇంకో చోట మెత్తబరిచానని అబద్ధం చెప్పాను.

ఒక్కరి సంతకంతో పంపితే ఆ ఒక్కరినీ పీకేస్తారు. కెమెరా కింద సంతకాలు ఎలా తీసుకోవాలో నాకు తోచలేదు. అక్కే తీసుకుంది. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడి, మధ్యకు మడిచి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి అంచులు కలపాలి. అంచులు కలిసినప్పుడు కాగితమూ పెన్నూ చేతులు మారాయి. దుప్పటి చాటున సంతకం అయింది. ఆ వారం రెండో అంతస్తులో మడిచిన దుప్పట్లనే మళ్ళీ విప్పి మడిచారట. మేనేజరు మైకులో మెచ్చుకున్నాడు కూడా. మొదటి సంతకం అక్కది. తనది కాక అన్ని అంతస్తులూ కలిపి ఇంకో పదకొండయ్యాయి. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి పదకొండు మందిని కూడగట్టింది. ఆ కాగితం పోస్టులో వేసిన రోజు తన మొహంలో నేను చిన్నప్పుడు చూసిన అక్క ఒక్క క్షణం కనిపించింది.

రెండు నెలలకు కార్మిక శాఖ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. మాకు కాదు, దుకాణానికి. ఎలా వచ్చిందో అడగకండి, అలాంటి కబుర్లకు కాళ్ళెక్కువ. ముందురోజు సాయంత్రం ప్లాస్టిక్ సామాను విభాగం నుంచి ఎర్ర స్టూళ్ళు పద్దెనిమిది పైకి వచ్చాయి. ధర చీటీలు చించకుండా, అంటించినవి అంటించినట్టే ఉంచారు. మేనేజరు అందరినీ నిలబెట్టి, అదీ తమాషా, నిలబెట్టే చెప్పాడు.

"రేపు ఆఫీసరు వచ్చేసరికి అందరూ కూర్చుని ఉండాలి. మామూలుగా, రోజూ కూర్చున్నట్టే ఉండాలి. ఎవరూ కంగారు పడొద్దు."

ఆ రోజు ఏం జరిగిందో నాకు అక్క చెప్పలేదు. తువ్వాళ్ళ బల్ల దగ్గర పనిచేసే ఆవిడ వాళ్ళ ఊరికి బస్సెక్కడానికి వచ్చి, టికెట్ తీసుకుంటూ కిటికీలోంచి చెప్పింది. వెనక క్యూ గోల పెడుతున్నా నేను పట్టించుకోలేదు.

"అందరం కూర్చున్నాం చెల్లీ. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటే నవ్వొస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీలేదు. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆఫీసరమ్మ తల కనబడిందో లేదో, మేమంతా లేచి నిలబడ్డాం. ఒక్కసారిగా. పైగా అందరం కలిసి, రండి మేడమ్, ఏం చూపించమంటారు, అన్నాం."

మేనేజరు మొహం కత్తివేటుకు నెత్తురు చుక్క లేదట. ఆఫీసరు వెనక నిలబడి అరచేత్తో గాలిని కిందికి నొక్కుతూ కూర్చోమని సైగ చేశాడట. కూర్చున్నారు. ఆఫీసరు రెండడుగులు వేసి ఒక తువ్వాలు ముట్టుకుంది. మళ్ళీ లేచారు. వాళ్ళకు తెలిసి చేసింది కాదు. మనిషి దగ్గరికొస్తే మోకాళ్ళు వాటంతటవే నిటారవుతాయి, ఎవరి మోకాళ్ళయినా ఇరవై ఏళ్ళలో అంత నేర్చుకుంటాయి. మేనేజరు కంగారు పడ్డాడు కానీ కంగారు పడాల్సింది మేమని అప్పటికి మాకెవరికీ తెలియదు.

ఆఫీసరు నలభై దాటిన మనిషి, భుజానికి సంచి, చేతిలో ఫైలు. దుప్పట్ల బల్ల దగ్గరికి వచ్చి, మొదటి సంతకం ఎవరిదో తెలుసు కాబట్టి కాబోలు, అక్క దగ్గరే ఆగింది.

"ఈ స్టూళ్ళు ఎప్పట్నుంచి ఉన్నాయమ్మా?"

అక్క నోరు తెరిచేలోపే మేనేజరు అందుకున్నాడు. "మొదట్నుంచీ ఉన్నాయి మేడమ్. వీళ్ళే వాడరు."

"నేను ఆమెను అడుగుతున్నాను. మీరు కూర్చోండమ్మా. నిదానంగా కూర్చుని చెప్పండి."

అప్పుడు మా అక్క, ఎవరు కుర్చీ చూపించినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఏమంటోందో అదే అంది. "పర్లేదు మేడమ్. నాకు నిలబడటమే అలవాటు."

ఆఫీసరు ఫైల్లో ఏదో రాసుకుని, మూడో అంతస్తుకు వెళ్ళిపోయిందట.

సాయంత్రానికి స్టూళ్ళన్నీ కిందికి దిగిపోయాయి. మర్నాడు వాటిలో రెండు అమ్ముడుపోయాయి. పదిహేను రోజులకు మా ఇంటికి ఉత్తరం వచ్చింది. "సంస్థలో ఆసనములు అందుబాటులో ఉన్నవి. సిబ్బంది తమ ఇష్టము మేరకే నిలబడి పనిచేయుచున్నట్లు వారే స్వయముగా తెలిపినారు. కావున ఫిర్యాదు ముగించడమైనది." నేను రెండుసార్లు చదివాను. మూడోసారి అక్కకు వినిపించేలా పైకి చదివాను.

"ఏమన్నావే నువ్వు?"

"ఏమన్నానే. కూర్చోమంది. పర్లేదన్నాను."

"కూర్చోవడం కోసం కదా ఈ గోలంతా? కూర్చోమన్నప్పుడు కూర్చోడానికేం?"

"ఆవిడ నిలబడి ఉంటే నేనెలా కూర్చోను? ఎంత లేదన్నా ఆఫీసరు."

"నీ మర్యాద మండిపోనూ. పదకొండు మంది నిన్ను నమ్ముకుని సంతకం పెట్టారు. అందరి కాళ్ళూ విరగ్గొట్టావు."

అన్నాను. అనకూడదని తెలిసే అన్నాను. అక్క లోపలికి వెళ్ళి గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నేను వెళ్ళి క్షమించమని అడిగి ఉండాల్సింది. అడగలేదు.

దుకాణంలో అయితే తనను ఎవరూ పల్లెత్తు మాట అనలేదట. అంటే బాగుండేది. మేనేజరు మాత్రం ఊరుకోలేదు. ఫిర్యాదు ఎందుకు వచ్చిందో ఆరా తీశాడో, తెర మీద చూసి చూసి పసిగట్టాడో, బల్లల వెనక నేల కనిపించేలా ఇంకో కెమెరా పెట్టించాడు. గలీబులు కింద పడటం ఆగిపోయింది. పడితే మైకులో వెంటనే వినిపించేది: "తీసేశావుగా, ఇంక లే." అక్క పుండు రూపాయి బిళ్ళ నుంచి అరచేతిలో సగానికి పెరిగింది. ఇంటికొచ్చి కట్టు విప్పేటప్పుడు పళ్ళు బిగించేది. నేను వేన్నీళ్ళు తెచ్చి పెట్టేదాన్ని. ఇద్దరం మాట్లాడుకునేది ఆ నీళ్ళ గురించే. వేడి చాలా, చాలు. ఇంత అలసటగా మా ఇంట్లో ఎప్పుడూ లేదు, బావ పోయినప్పుడు కూడా.

నెల తర్వాత తన సెలవు రోజున పొద్దున్నే తయారై తలుపు దగ్గర నిలబడింది. "ఆ ఆఫీసుకు పోదాం పద. నాకు దారి తెలీదు."

కార్మిక శాఖ ఆఫీసులో ఆ ఆఫీసరమ్మ గది చివర్లో ఉంది. బల్ల నిండా ఫైళ్ళు, ఫైళ్ళ మీద టిఫిను డబ్బా. ఆవిడ కూడా అలిసిపోయిన మనిషేనని ఆ రోజు చూశాను. అక్కను గుర్తుపట్టింది.

"మీరే కదమ్మా అన్నారు, అలవాటేనని. నేను సొంతంగా రాసిందేమీ కాదు."

"అన్నాను మేడమ్" అంది అక్క. "కానీ అది జవాబు కాదు. మర్యాద. ఎవరైనా కూర్చోమంటే అలాగే అంటాం."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. మళ్ళీ తీసింది. "మూసేసిన ఫిర్యాదు తెరవాలంటే మీరు వాంగ్మూలం ఇవ్వాలి. మీ ఒక్కరి పేరు మీద. అది దుకాణం వాళ్ళకు కూడా వెళ్తుంది. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకునే వచ్చాను."

"అయితే కూర్చోండి. టైం పడుతుంది."

"పర్లేదు..." అని, సగంలో నాలుక కరుచుకుంది. కానీ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడింది. నేను భుజం పట్టి నొక్కబోయాను, విదిలించుకుంది. మొండితనం కాదది. తన వల్ల కావడం లేదు. ఫైళ్ళ వెనక ఒక అధికారి ఉంది, ఆవిడ ముందు మా అక్క మోకాళ్ళు వంగడం లేదు. ఆఫీసరమ్మ రెండోసారి చెప్పింది, మూడోసారి చెప్పింది. ఆ తర్వాత ఏం తోచిందో, ఆవిడే కుర్చీలోంచి లేచింది. కాగితాల అట్ట ఎడమచేత్తో పట్టుకుని, పెన్ను తీసి, "సరే, నేనూ నిలబడే రాస్తాను, చెప్పండి" అంది.

అక్క చటుక్కున కూర్చుంది. ఆఫీసరును నిలబెట్టడం కంటే తను కూర్చోవడమే తక్కువ తప్పనిపించి ఉంటుంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ కూడా కూర్చుని రాయడం మొదలుపెట్టింది. గంటసేపు పట్టింది. దుప్పటి చాటు సంతకాలు, ఎర్ర స్టూళ్ళు, రెండో కెమెరా, అన్నీ చెప్పింది. చివర్లో ఆవిడ అడిగింది, "కూర్చోవద్దని మీకు మొదట చెప్పిందెవరు? పేరు కావాలి."

"ఎవరూ చెప్పలేదు మేడమ్. చేరిన రోజు, కుర్చీ ఎక్కడుందని అడిగాను. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు."

ఆవిడ ఆ మాట అలాగే రాసుకుంది.

ఈసారి తనిఖీ కబురు దుకాణానికి ముందుగా వెళ్ళలేదు. ఆఫీసరమ్మ కొనడానికొచ్చిన మనిషిలా వచ్చి, అంతస్తుకో గంట చొప్పున తిరిగి, కర్టెన్లు విప్పించుకుని, చివరికి దుప్పట్ల దగ్గర ఫైలు బయటికి తీసింది. స్టూళ్ళు వెయ్యాలన్న ఉత్తర్వు రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ అక్కను గోదాములో మూటలు సర్దే పనికి వేశారు. నెమ్మదిగా తనంతట తానే మానేస్తుందనుకున్నారు. తను మానలేదు. మా అక్కకు మానడం కూడా రాదు, ఆ మాట ముందే చెప్పాల్సింది.

ఇప్పుడు బల్లకు రెండు చొప్పున స్టూళ్ళున్నాయి, ధర చీటీలు లేనివి. అక్క మళ్ళీ రెండో అంతస్తుకు వచ్చింది. గంటకు పది నిమిషాలు కూర్చుంటుంది. పుండు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, అంచుల నుంచి మూసుకుంటోంది. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ దుకాణం మారినంత తొందరగా దుకాణానికి వచ్చేవాళ్ళు మారలేదు. పిలిస్తే లేవలేదని, నిర్లక్ష్యంగా కూర్చుని మాట్లాడిందని, ఫిర్యాదుల పుస్తకంలో కొనేవాళ్ళు రాసి పోతున్నారు. మేనేజరు ఆ పుస్తకం ఇప్పుడు అందరికీ కనిపించే చోట పెట్టించాడు. ఒకావిడ మా అక్కను, "కాలు మీద కాలేసుకుని కూర్చుంటే దుప్పట్లు నడిచొస్తాయా?" అందట. ఎత్తు మీద పెట్టుకోమని డాక్టరు చెప్పిన కాలది. "ఎవరావిడ, ఎలా ఉంటుందో చెప్పు, రేపు టికెట్టుకు రాదా?" అని నేను లేచాను. "వదిలెయ్యవే, ఆవిడకేం తెలుసు" అంది అక్క.

కిందటి వారం అక్క కాలికి మందు అయిపోయింది. డ్యూటీ దిగి, మందుల షాపుకు వెళ్ళాను. ఆ రోజు కిటికీ దగ్గర పెద్ద రభస, నాకు తల పగిలిపోతోంది. షాపులో ఎవరూ లేరు. బల్ల వెనక స్టూలు మీద నా వయసున్న ఒకావిడ కూర్చుని ఉంది, జుట్టు సగం నెరిసింది. చీటీ ముందుకు తోశాను. ఆవిడ కూర్చునే చేయి చాచి అందుకుంది. కూర్చునే చదివింది. "రెండు ట్యూబులా, ఒకటా?" అని కూర్చునే అడిగింది.

"ఏం, మనిషొస్తే లేవరా?" అన్నాను.

అది నా గొంతే. నా నోట్లోంచే వచ్చింది. ఆవిడ వెంటనే లేచింది. లేచేటప్పుడు అరచేయి బల్ల మీద ఆనించి, బరువంతా ఒక కాలి మీదకు తీసుకుని, రెండో కాలిని మెల్లగా సర్దుకుంది. అలా లేవడం నేను రోజూ మా ఇంట్లో చూస్తాను. కూర్చోండి అందామనుకున్నాను. అంటే ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. మందు తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అక్క మంచం అంచున కూర్చుని ఉంది, కట్టు విప్పి, కాలు దిండు మీద పెట్టుకుని. తనంతట తను, ఎవరూ చెప్పకుండా. "దొరికిందా?" అంది. దొరికిందన్నాను. పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"రా, కూర్చో. పొద్దుటి నుంచీ అలిసిపోయావు."

"పర్లేదక్కా" అన్నాను. "కాసేపు నిలబడతాను."